కొంగుమూడిలో ఉప్పు

గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో, పెద్దాసుపత్రిని ఆనుకుని ఉన్న వైద్య కళాశాలలో, శశిభూషణ్ అనే కుర్రాడు డాక్టరు చదువు ఆఖరి ఏడాది చదువుతుండేవాడు. తెలివికి లోటు లేదు గాని, కన్నతల్లి మాటనైనా ఒకసారి తిరగేసి చూడందే నమ్మేవాడు కాదు.

అదేం బుద్ధో గాని, లోకమంతా తనను మోసం చెయ్యడానికే పొద్దున్నే నిద్ర లేస్తున్నట్టు వాడికి అనిపించేది. హాస్టల్లో పాలు పోస్తే గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసేవాడు. ఎవడైనా నవ్వుతూ పలకరిస్తే, "వీడికి నాతో ఏం పనిపడిందో" అనుకునేవాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "తిన్నావా నాన్నా?" అంటే, "ఎందుకడుగుతున్నావ్? ఏమైంది?" అనేవాడు. పాపం ఆవిడ ఏం చెబుతుంది? "ఏం కాలేదురా, ఊరికే అడిగాను" అనేది. ఊరికే ఎవరైనా అడుగుతారా అని వాడు ఆ పూటంతా బుర్ర బద్దలు కొట్టుకునేవాడు. తోటివాళ్ళు వాడికి సీఐడీ అని పేరు పెట్టారు. ఆ పేరు విని సిగ్గుపడతాడనుకున్నారు. వాడు మాత్రం కాలరు సర్దుకున్నాడు!

అలాంటివాడు జనరల్ మెడిసిన్ చదివి తీరతానని పట్టుబట్టాడు. అంటే జ్వరాలు, షుగరు, బీపీ, గుండె జబ్బులు చూసే శాఖ అన్నమాట. కత్తి పట్టే పని ఉండదు. మనిషిని అడిగి, చెయ్యి పట్టి చూసి, పొట్ట తట్టి, లోపలున్న రోగాన్ని కనిపెట్టాలి.

ఆ శాఖకి పెద్ద డాక్టర్ మాణిక్యాంబ. పొట్టి మనిషి, గట్టి గొంతు. వార్డులో ఆవిడ అడుగు వినబడితే, కాళ్ళు చాపుకుని పడుకున్న రోగులు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఒకరోజు ఆవిడ రోగులందరినీ చూడడం అయ్యాక విద్యార్థులను దగ్గరికి పిలిచి, "చదువయ్యాక ఎవరెవరు ఎటు వెళ్తారర్రా?" అని అడిగారు. ఒకమ్మాయి పిల్లల వైద్యం అంది. ఇంకొకడు ఎముకల వైద్యం అన్నాడు. శశిభూషణ్ గొంతు సవరించుకుని, "జనరల్ మెడిసిన్ మేడమ్" అన్నాడు.

"ఎందుకని?"

"రోగులు అబద్ధాలాడతారు మేడమ్. షుగరున్నాయన మిఠాయి ముట్టనే లేదంటాడు. చూస్తే మీసాలకి జిలేబీ పాకం ఉంటుంది. రోజూ తాగేవాడు, మందు వాసన ఎలా ఉంటుందో కూడా తెలీదంటాడు. ఆపరేషన్ చేసే డాక్టరుకైతే ఈ గొడవ లేదు, కోసి చూసుకుంటాడు. మాట్లాడించి అబద్ధం పట్టుకోవాలంటే మన శాఖలోనే వీలు. నాకది బాగా వచ్చు" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"పోలీసు ఉద్యోగానికి పోవాల్సినవాడివి, దారి తప్పి మా వార్డుకొచ్చావన్నమాట" అన్నారు. "సరే, ఒక పని చెయ్యి. కిటికీ పక్క మంచం మీద మంగతాయారని ఒకావిడ చేరింది. రోజురోజుకీ చిక్కి శల్యమైపోతోంది. ఎందుకో ఇంకా అంతుపట్టలేదు. ఇలాగే వదిలేస్తే మనిషి మనకి దక్కదు. నేను పరీక్షలు పెట్టడానికి పొరుగూరు కాలేజీకి వెళ్తున్నాను, శుక్రవారం వస్తాను. ఈలోగా డ్యూటీ డాక్టరుగారికి సాయంగా ఆవిడ దగ్గర కూర్చో. మాట్లాడు. రోగమేమిటో శుక్రవారం నువ్వే నాకు చెప్పాలి."

శశిభూషణ్ ఛాతీ ఉబ్బింది. అప్పటికప్పుడే కిటికీ పక్కకి వెళ్ళాడు. మేడమ్ కూర్చోమన్నారా, వీడు కూర్చోలేదు. మంచం కాళ్ళవైపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఠాణాలో నిలబడ్డట్టు.

మంగతాయారుకి నలభై లోపే ఉంటాయి. ఒకప్పుడు బొద్దుగా ఉండే మనిషని జాకెట్టు వదులు చూస్తే తెలుస్తోంది. వాడిని చూడగానే లేవబోయింది. కళ్ళు తిరిగి మళ్ళీ తలగడ మీద వాలిపోయింది.

"ఏమ్మా, ఏంటి నీ బాధ?" అన్నాడు.

"నీరసం బాబూ. లేచి నిలబడితే లోకం గిర్రున తిరిగిపోతోంది. తిన్నది ఇమడట్లేదు. మనిషిని సగమైపోయాను."

"ఎప్పట్నించి?"

"మామిడికాయలొచ్చే ముందు నుంచీనండి."

"సరిగ్గా చెప్పు. ముందా, వచ్చాకా?"

"ముందేనండి... ఏమో, వచ్చాకేనేమో."

అదిగో, మాట మార్చింది! శశిభూషణ్ కళ్ళు మెరిశాయి. "ముందునుంచీ ఇంత నల్లగానే ఉంటావా?" అని అడిగాడు.

"లేదండి. ఈమధ్యే ఇలా కమిలిపోయాను."

"ఎండలో తిరిగే పనా?"

"కాదండి బాబూ. పచ్చళ్ళ కార్ఖానాలో ముక్కలు కలుపుతాను. నీడపట్టునే పని."

నీడలో కూర్చునే మనిషి నల్లబడడమేమిటి? ఇది రెండో అబద్ధం అని వాడు నిర్ధారించేసుకున్నాడు. ఆవిడ అరచేతి గీతలు బొగ్గుతో గీసినట్టు నల్లగా ఉన్నాయి. అదీ వాడి కంట పడింది. పచ్చడి మరకలు వదల్లేదు కాబోలు, శుభ్రం తెలియని మనిషి అనుకున్నాడు. అంతే, ముందుకెళ్ళిపోయాడు.

ఆవిడ ఆసుపత్రిలో చేరినరోజు చేతికి సెలైన్ సీసా పెట్టారట. సీసా అయ్యేసరికి లేచి కూర్చుని పక్క మంచం ఆవిడతో కబుర్లు చెప్పిందట. ఈ సంగతి వార్డులో సిస్టరు చెప్పినప్పుడు శశిభూషణ్ పెదవి విరిచాడు. "ఒక్క సీసా ఉప్పునీళ్ళకి లేచి కూర్చుందంటే, ఇక రోగం ఎక్కడిది సిస్టర్?" అన్నాడు. వాంతులవుతున్నాయి కాబట్టి ఆవిడకి ఊరగాయలూ కారాలూ బంద్ చేసి, చప్పిడి గంజి, చప్పిడి ఇడ్లీ రాశాడు. "బయట తిండి ముట్టకూడదు, తెలిసిందా?" అని గద్దించాడు. "ముట్టనులెండి బాబూ" అంది మంగతాయారు, కళ్ళు దించుకుని. కళ్ళు దించుకోవడం కూడా వాడికి అనుమానంగానే కనిపించింది.

మర్నాడు ఆవిడ భర్త వీర్రాజు వచ్చాడు. సైకిలు షాపులో పంచర్లు వేసుకునే మనిషి, నోట్లో నాలిక లేనివాడు. శశిభూషణ్ అతణ్ణి భార్య దగ్గరికి పోనివ్వకుండా, వరండాలోనే ఆపేశాడు. ఇద్దరినీ విడివిడిగా అడిగితే నిజం దానంతటదే బయటపడుతుందని వాడి లెక్క.

"మీ ఆవిడకి దాచిపెట్టే అలవాటు ఏమైనా ఉందా?"

వీర్రాజు తెల్లమొహం వేశాడు. "దాచడమంటే ఏం దాస్తాదండి? నా దగ్గర దాపరికం లేదు."

"బాగా ఆలోచించి చెప్పు. నువ్వు చెప్పకపోతే ఆవిడకే నష్టం."

వీర్రాజు తల గోక్కున్నాడు. "ఈమధ్య ఇంట్లో ఊరగాయ జాడీ తొందరగా అడుగంటుతోందండి. అడిగితే పిల్లలు తిన్నారంటది. పిల్లల్ని అడిగితే మేం ముట్టలేదంటారు." అతను గొంతు తగ్గించాడు. "కార్ఖానాలో కూడా ఏదో మాటొచ్చిందండి. ఉప్పులో ఊరేసిన మామిడిముక్కలు తగ్గిపోతున్నాయని ఓనరుగారు దీన్ని పట్టుకున్నారంట. దొంగ అన్నారంట. ఆ మర్నాడే ఇది మంచం పట్టేసింది."

శశిభూషణ్ తొడ చరుచుకోవడమొక్కటే తక్కువ! "చూశావా? దొంగతనం బయటపడ్డ మర్నాడే మంచమెక్కింది. నీకేమీ అనిపించలేదా?"

"అప్పుడనిపించలేదండి" అన్నాడు వీర్రాజు మెల్లగా. "మీరు చెబుతుంటే ఇప్పుడనిపిస్తోంది." అతని మొహం మాడిపోయింది. తెచ్చిన అరటిపళ్ళు వరండాలో గట్టుమీద పెట్టేసి, భార్యని చూడకుండానే వెళ్ళిపోయాడు. లోపల మంగతాయారు ఆ పూటంతా గుమ్మంవైపే చూసింది.

పచ్చగా ఉన్న కాపురంలో తాను చిచ్చు పెట్టానని శశిభూషణ్‌కి తోచనే లేదు. ఇక సాక్ష్యం ఒక్కటే కావాలనుకున్నాడు. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి కునుకు తీస్తున్న వేళ, వార్డులో స్తంభం చాటున నిలబడ్డాడు. ఎక్కడైనా విన్నామా, రోగిని స్తంభం చాటునుంచి చూసే డాక్టరుని! ఎంతసేపని నిలబడతాడు? కాళ్ళు పీకుతున్నాయి. అయినా కదల్లేదు.

అప్పుడు మంగతాయారు అటూ ఇటూ చూసి, కొంగుమూడి విప్పింది. అందులోంచి రాళ్ళ ఉప్పు నాలుగు పలుకులు తీసి నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని, పటికబెల్లం చప్పరించే పిల్లలా చప్పరించింది.

"ఆఁ! దొరికిపోయావ్!" అంటూ శశిభూషణ్ ఒక్క ఉదుటున వచ్చి పడ్డాడు.

ఆవిడ ఉలిక్కిపడి కొంగు గుప్పిట్లో బిగించింది. "ఏం లేదు బాబూ, ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ గుప్పిటెందుకు బిగించావ్? ఇటివ్వు" అని అరచెయ్యి చాపాడు.

మంగతాయారు వాడి చేతిలో పెట్టలేదు. ముడి విప్పి, ఉప్పంతా పక్కనున్న స్టూలు మీద ఒలికించింది. "ఉప్పు చేతికియ్యకూడదు బాబూ. మనిద్దరికీ గొడవలొస్తాయి" అంది.

ఇంత నీరసంలో ఇన్ని మర్యాదలా! ఎంత నటన అనుకున్నాడు వాడు. "ఎప్పట్నించి తింటున్నావ్? ఎవరు తెచ్చిచ్చారు? ఇంకా ఎక్కడెక్కడ దాచావ్?" అని వరసగా అడిగాడు.

"అది కాదు బాబూ, నాకు ఒంట్లో..."

"అడిగినదానికి చెప్పు. సోది వద్దు."

"పక్క మంచం వాళ్ళనడిగి తీసుకున్నాను" అని, మంగతాయారు మొహం అటు తిప్పుకుంది.

ఇంకేముంది! ఉప్పు ఎక్కువగా మింగితే వాంతి అవుతుందని ఎవరికి తెలీదు? కార్ఖానాలో దొంగతనం చేసింది. పట్టుబడింది. పదిమందిలో తలెత్తుకోలేక మంచమెక్కింది. దొంగచాటుగా ఉప్పు తిని వాంతులు తెచ్చుకుంటోంది. కథంతా చక్కగా అతికిపోయింది. శశిభూషణ్ ఆ ఉప్పుని కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. "ఈవిడకి బయటినుంచి ఏమీ అందకూడదు" అని సిస్టరుకి గట్టిగా చెప్పాడు.

"చప్పిడి గంజి గొంతు దిగట్లేదని ఏడుస్తోంది డాక్టరుగారూ" అంది సిస్టరు.

"నాటకం సిస్టర్, నమ్మకండి" అన్నాడు.

గురువారం మంగతాయారు తలగడ మీంచి తలెత్తలేదు. శశిభూషణ్ బీపీ చూశాడు. బాగా తక్కువ చూపించింది. ఈ ప్రభుత్వ మెషీన్లన్నీ ఇంతే అని విసుక్కుని పక్కన పడేశాడు. అంతలో ల్యాబునుంచి ఫోను వచ్చింది. "కిటికీ పక్క మంచం పేషెంటుకి రక్తంలో సోడియం చాలా పడిపోయింది సార్. పెద్ద డాక్టర్లకి చెప్పండి" అన్నాడు ల్యాబు మనిషి. సోడియం అంటే మరేం కాదు, ఒంట్లో ఉండాల్సిన ఉప్పు.

శశిభూషణ్‌కి నవ్వొచ్చింది. "పొద్దస్తమానం ఉప్పు నాకే మనిషి రక్తంలో ఉప్పు తక్కువా? శాంపిల్ ఎవరిదో ఎవరికో మార్చేసుంటారు. మళ్ళీ రేపు పంపిస్తాను" అని ఫోను పెట్టేశాడు. సాయంత్రం డ్యూటీ డాక్టరు వేరే మంచాల దగ్గర ఊపిరాడని పనిలో ఉండి, "కిటికీ పక్కావిడ ఎలా ఉందోయ్?" అని దూరం నుంచే అడిగారు. "నేను చూసుకుంటున్నాను సార్, భయం లేదు" అన్నాడు వీడు. చూడండి మరి, ఎంత నిబ్బరమో!

శుక్రవారం పొద్దున్నే మాణిక్యాంబ మేడమ్ వచ్చారు. విద్యార్థులంతా కిటికీ పక్క మంచం చుట్టూ మూగారు. శశిభూషణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు.

"చెప్పవోయ్. రోగమేమిటి?" అన్నారు మేడమ్.

"రోగమే లేదు మేడమ్" అన్నాడు శశిభూషణ్, ప్రతి మాటా నొక్కుతూ. "ఈవిడ పనిచేసే చోట దొంగతనం చేసి పట్టుబడింది. ఆ అవమానం తప్పించుకోవడానికి ఇక్కడికొచ్చింది. దొంగచాటుగా ఉప్పు తిని వాంతులు తెచ్చుకుంటోంది. భర్తే ఒప్పుకున్నాడు. ఇదిగో సాక్ష్యం." జేబులోంచి పొట్లం తీసి విప్పి చూపించాడు.

పక్క మంచాలవాళ్ళు మోచేతుల మీద లేచి చూస్తున్నారు. మంగతాయారు కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో నీళ్ళు కూడా సరిగ్గా ఊరలేదు.

"మా ఆయన కూడా అలాగే అన్నాడా?" అని అడిగింది.

శశిభూషణ్ పొట్లం మడిచి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"నన్ను దొంగన్నచోట నేనుండను. చస్తే మా ఇంట్లోనే చస్తాను" అంటూ మంగతాయారు మంచం అంచు పట్టుకుని లేచింది. రెండు కాళ్ళ మీద నిలబడింది. ఒక్క అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు. పక్కనున్నవాళ్ళు పట్టుకునేలోగానే నేలమీద కుప్పకూలిపోయింది.

మేడమ్ ఆ గట్టి గొంతుతో ఒక్క కేక పెట్టారు. "పైకెత్తండి! సెలైన్ పట్రండి, రెండు చేతులకీ పెట్టండి!" శశిభూషణ్ నాడి చూడబోయాడు. మణికట్టు చల్లగా ఉంది. ఎంత వెతికినా నాడి దొరకలేదు. మేడమ్ వాడిని పక్కకి నెట్టి, మంగతాయారు అరచెయ్యి విప్పి చూశారు. నల్లటి గీతలు. పెదవి పైకి తీసి చూశారు. చిగుళ్ళ మీద కూడా సిరా పులిమినట్టు నలుపు.

"చిగుళ్ళకి ఎండ తగులుతుందిరా?" అన్నారు, వాడివైపు చూడకుండానే. సిస్టరుకి ఒక ఇంజెక్షను పేరు చెప్పి, దాన్ని వెంటనే నరంలోకి ఇప్పించారు.

సీసాలోంచి ఉప్పునీరు చుక్కచుక్కగా దిగుతోంది. శశిభూషణ్ ఆ చుక్కలవైపే చూస్తూ నిలబడిపోయాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుంది. ఈవిడ పోతే? ఈవిడ పిల్లలకి ఏం చెప్పాలి? నా జేబులో పొట్లం ఉందని చెప్పాలా? జన్మలో మొదటిసారి వాడు ఎవరినీ అనుమానించలేదు. భయపడ్డాడు.

చాలాసేపటికి నాడి అందింది. సన్నగా, తడబడుతూ అందింది. మేడమ్ అప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మన మూత్రపిండాల నెత్తిన చిన్న గ్రంథులు రెండుంటాయి" అన్నారు. "ఒంట్లో ఉప్పు నిలిచేలా చూసేవి అవే. ఈవిడకి అవి పాడైపోయాయి. తిన్న ఉప్పు తిన్నట్టే బయటికి పోతోంది. అందుకే నీరసం, అందుకే వాంతులు. ఈ నలుపు కూడా ఆ గ్రంథులు పాడైనందుకే. ఉప్పు లేకపోతే ప్రాణం పోతుందని ఆవిడ ఒంటికి తెలుసు. అందుకే వెతుక్కుని మరీ తింది. నువ్వు దాన్ని లాక్కుని జేబులో పెట్టుకున్నావు."

శశిభూషణ్ తల వేలాడేశాడు. అయినా ఆ పాడు బుద్ధి ఊరుకోలేదు. "తిననని చెప్పి తింది కదా మేడమ్. అబద్ధం ఆడింది కదా..." అని గొణిగాడు.

"ఆడింది. కాదన్నానా? ఎప్పుడు తిన్నావని అడిగుంటావు. ఎవరిచ్చారని అడిగుంటావు. ఎందుకు తిన్నావని అడిగావా?"

వాడు గుర్తుచేసుకున్నాడు. ఎప్పుడు అని అడిగాడు. ఎవరు అని అడిగాడు. ఎక్కడ అని కూడా అడిగాడు. ఆవిడ చెప్పబోయింది కూడా. సోది వద్దన్నాడు. "లేదు మేడమ్" అన్నాడు.

"ఆ ఒక్క మాట అడిగుంటే ఆరోజే రోగం నీ చేతికి చిక్కేది. ల్యాబుని అనుమానించావు. మెషీన్ని అనుమానించావు. ఆవిడని అనుమానించావు. నీ బుర్రలో పుట్టిన కథని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు." మేడమ్ నిట్టూర్చారు. "నీకొదిలేసి వెళ్ళడం నా తప్పు కూడాలే. పో, ఆవిడ లేచేదాకా అక్కడే కూర్చో. ఈసారైనా కూర్చో."

శశిభూషణ్ కూర్చున్నాడు. భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రం కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చేవేళకి మంగతాయారు కళ్ళు తెరిచింది. వాడిని చూసి మొహం గోడవైపు తిప్పుకుంది.

"మళ్ళీ ఏం దొరికింది బాబూ?" అంది.

ఆ మాట వాడికి చెంపదెబ్బలా తగిలింది. "ఏమీ దొరకలేదమ్మా. తప్పు నాది. నువ్వు ఏదో చెప్పబోయావు, నేనే చెప్పనివ్వలేదు" అన్నాడు. అప్పుడడిగాడు, "ఉప్పు ఎందుకు తినాలనిపించేదమ్మా?"

మంగతాయారు గోడకేసి చూస్తూనే చెప్పింది. "ఏమో బాబూ. దాహమేస్తే నీళ్ళకోసం ఎలా ఉంటుందో అలా ఉండేది. నాలిక మీద ఉప్పు పడితే గాని కళ్ళు కనిపించేవి కాదు. ఇంత వయసొచ్చి ఉప్పు నాకుతుందంటే నవ్వరా? పిల్లల ముందు నామర్దా కాదా? అందుకని దాచాను. కార్ఖానాలో ముక్కలు తిన్నమాట నిజమే. తొట్టి ఎదురుగా ఉంటే ఆగలేకపోయేదాన్ని. ఓనరు దొంగంటే ఊరుకున్నాను. మీరు అన్నా ఊరుకునేదాన్నే. మా ఆయన కూడా అనుమానపడ్డాడే... అదే తట్టుకోలేకపోయాను." ఇప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండుగా వచ్చాయి.

శశిభూషణ్ లేచి తిన్నగా సైకిలు షాపుకి వెళ్ళాడు. గ్రీజు చేతులతో ఉన్న వీర్రాజుని వెంటపెట్టుకొచ్చాడు. దారిలోనే అంతా చెప్పాడు. రోగం సంగతి చెప్పాడు, తన నిర్వాకం కూడా దాచకుండా చెప్పాడు. వీర్రాజు మంచం దగ్గరికి వచ్చి, గ్రీజు చేతులు చొక్కాకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదయ్యా" అంది మంగతాయారు.

"అడగాల్సిందే. తప్పైపోయిందే" అంటూ వీర్రాజు పెళ్ళాం కాళ్ళు పట్టుకుని ఏడ్చేశాడు. "ఛీ ఛీ, కాళ్ళు వదులు, అందరూ చూస్తున్నారు" అని కసురుకుంది ఆవిడ. కసురుతుందంటే ఇక బతికినట్టే!

మందులు మొదలుపెట్టాక మంగతాయారు తేరుకుంది. జీవితాంతం మాత్రలు వేసుకోవాలన్నారు. వేసుకుంటానంది. శశిభూషణ్ పచ్చళ్ళ కార్ఖానాకి వెళ్ళి, ఆవిడ తిన్నది రుచికోసం కాదు, ప్రాణంకోసమని ఓనరుకి పదిమంది ముందు చెప్పాడు. ఓనరు మొదట నమ్మలేదు. "ఇదెక్కడి రోగమయ్యా? మీరూ మీరూ కలిసి నాటకమాడుతున్నారు" అన్నాడు. ఎదుటివాడు నమ్మకపోతే ఎలా ఉంటుందో శశిభూషణ్‌కి అక్కడ తెలిసింది. ఓపిగ్గా రెండోసారి చెప్పాడు. మూడోసారి కూడా చెప్పాడు. ఆఖరికి ఓనరు తలూపి, ఆవిడని మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు.

శశిభూషణ్ జనరల్ మెడిసిన్ మానేశాడా అంటే మానలేదు. మరింత పట్టుదలగా అందులోనే చేరాడు. అబద్ధాలు పట్టుకోవడానికి మాత్రం కాదు. మనిషి సిగ్గుపడో, భయపడో నోటితో చెప్పలేనిది ఒకటి ఉంటుంది. అది వినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని వాడికి అర్థమైంది. అనుమానం పూర్తిగా పోయిందా? అంత తొందరగా పోయే గుణమా అది! కాకపోతే ఇప్పుడు ఎదుటివాడి కన్నా ముందు తనని తాను అనుమానించుకునేవాడు.

కొన్నాళ్ళకి కాళ్ళవాపుతో ఒక ముసలాయన వచ్చాడు. పేరు కోటయ్య. బజారులో క్షవరం షాపు నడుపుకునేవాడు. వాపు తగ్గడానికి ఒంట్లో నీరు తీసే మాత్రలు రాసిచ్చి చాలా రోజులైంది. వాపు ఇసుమంతైనా తగ్గలేదు.

"మాత్రలు వేసుకుంటున్నావా తాతా?" అన్నాడు శశిభూషణ్.

"ఠంచనుగా వేసుకుంటున్నానయ్యా" అన్నాడు కోటయ్య. చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తొంగిచూస్తోంది. ఒక్క మాత్రా చింపలేదు.

పాత శశిభూషణ్ అయితే ఆ అట్ట లాగి వార్డంతా చూపించేవాడు. ఇప్పుడు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "వేసుకుంటే ఏం ఇబ్బందిగా ఉంది తాతా?" అని నెమ్మదిగా అడిగాడు.

కోటయ్య అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, "ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకని పరిగెత్తాల్సొస్తాంది నాయనా" అన్నాడు. "సగం గీసిన గడ్డాన్ని కుర్చీలో వదిలేసి ఎట్టా పోను? ఒకాయన అలిగి, సగం గడ్డంతోనే ఎదురు షాపుకి పోయాడు."

శశిభూషణ్‌కి నవ్వాగలేదు. ముసలాయన కూడా బోసినోటితో నవ్వేశాడు.

"మధ్యాహ్నం షాపు మూసి ఇంటికెళ్తావా?"

"ఎండ తగ్గేదాకా ఇంట్లోనే ఉంటానయ్యా."

శశిభూషణ్ వెళ్ళి మేడమ్‌ని అడిగి వచ్చాడు. "అయితే ఇంటికెళ్ళగానే వేసుకో తాతా. ఎవరి గడ్డమూ మధ్యలో ఆగదు" అన్నాడు. వారం తిరిగేసరికి కోటయ్య కాళ్ళకి చెప్పులు పట్టాయి.

ఎదుటివాడు తప్పు చేస్తూ కనబడితే, దొరికాడని సంబరపడే ముందు ఎందుకు చేశాడో అడగాలి. మనిషిని అనుమానించే ముందు మన తీర్పునే మనం అనుమానించుకోవాలి.